గుడియాత్తంలో ఉండాది

శనివారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు కాట్పాడి స్టేషన్ మెట్ల మీద నా ఎడమ కాలి చెప్పు తెగింది.

దాన్ని చేత్తో పట్టుకుని, భుజానికి మా తమ్ముడి ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని, ఒక్క చెప్పుతో బయటికి వచ్చాను. ఆటోల వరస చివర చెప్పులు కుట్టే పెద్దాయన అప్పుడే పెట్టె తెరుస్తున్నాడు. నాకు తమిళం రాదు కాబట్టి మాట్లాడకుండా చెప్పు చూపించాను. ఆయన తెలుగులో కూర్చోమన్నాడు. ఎలా తెలిసిందని అడిగితే, నేను చెప్పును తిట్టుకుంటూ వచ్చానట, ఆ తిట్టు తెలుగట. ఇరవై రూపాయలు తీసుకున్నాడు. మా ఒంగోల్లో ముప్పై. ఎన్నాళ్ళు ఆగుతుందని అడిగాను.

"నడస్తే సంవత్సరం. ఆడితే మాత్రం నా పూచీ లేదు."

నాకు నలభై ఎనిమిదేళ్ళనీ, ఆడే పని లేదనీ చెప్పాను. ఆయన సూది దారంలోంచి తల ఎత్తలేదు.

"ఆ మాట చెప్పు వినలేదు కదమ్మా."

ఎందుకు వచ్చానో చెప్పాలి. మా తమ్ముడు ప్రసాదు వేలూరులో ఇంజనీరింగ్ చదివాడు. అక్కడే దామోదరన్ అనే గుడియాత్తం అబ్బాయి స్నేహితుడయ్యాడు. ఇద్దరూ చదువు పూర్తిచేశారు కానీ ఆ పని చేయలేదు. కంప్యూటరూ మీటల పెట్టెలూ పెట్టుకుని, నిలబడి ఆడడానికి పనికివచ్చే సంగీతం తయారుచేశారు. పదకొండేళ్ళు ఆ పనే చేశారు. బెంగళూరు, గోవా, హైదరాబాదు, ఒకసారి పోలెండు. వాళ్ళ జంట పేరు 'ఉండాది'. నిరుడు ఆషాఢంలో నాలుగు రోజుల జ్వరంతో ప్రసాదు పోయాడు. ఆ పదకొండేళ్ళలో నేను ఒక్కసారి కూడా వాళ్ళ కార్యక్రమానికి వెళ్ళలేదు. అందులో మాటలు లేవని నా అభ్యంతరం.

ఆ శనివారానికి నెల ముందు దాము ఫోన్ చేశాడు. వాళ్ళ ఊళ్ళోనే ఒక కల్యాణమండపంలో ఆదివారం సాయంత్రం నాలుగింటికి వాయిస్తానని ఒప్పుకున్నాడట. ప్రసాదు పోయాక అదే మొదటిసారి. తమ్ముడు చివరగా తయారుచేసినవి ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, ల్యాప్‌టాప్ నా దగ్గర ఉంది. పంపిస్తానంటే వద్దన్నాడు. పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో ఉంటాయి, తనకు చదవడం రాదు, మీరే రావాలి అన్నాడు. పనైతే ఆదివారం వాయిస్తాడు. కాకపోతే అదే వేదిక ఎక్కి 'ఉండాది' ముగిసిందని చెప్పి, సోమవారం నుంచి నాన్న కొట్లో కూర్చుంటాడు. ఈ సంగతి ఏ ఒత్తిడీ లేకుండా, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

బాగాయం

దాము స్కూటర్ మీద వచ్చాడు. పొడుగు మనిషి, నెత్తిన జుట్టు ముడి, కాలర్ లేని చొక్కా. నన్ను చూడగానే సంచి అందుకోబోయి, అందులో ఏముందో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేనే ఇచ్చాను.

ముందు టిఫిను. నేను పొంగలి తిన్నాను. మిరియాలు మన దగ్గరకంటే ఎక్కువ, నెయ్యి దాచరు. నేను కారప్పొడి అడిగితే సర్వరు దాముతో తమిళంలో ఏదో అన్నాడు. పొంగలి మీద కారప్పొడి వేసుకునేవాళ్ళను ఇదివరకు ఒక్కణ్ణే చూశాడట. ఆ ఒక్కడు ఎవరో మేమిద్దరం అడగలేదు.

వేలూరు శివారు బాగాయంలో వాళ్ళిద్దరూ అద్దెకున్న మేడ గది చూపించాడు. కింద వాటాలో ఇంటావిడ ఉంటుంది. పనినుంచి విరమించిన నర్సు, డెబ్బై దాటింది. ఆవిడ తమిళంలో చెబుతుంటే దాము తెలుగు చేస్తూ వచ్చాడు. పైన ధనధనమంటుంటే ఆవిడ చీపురు కర్రతో లోకప్పు మీద మూడుసార్లు కొట్టేదట. ఆపకపోతే మళ్ళీ మూడు. ఒకరోజు ఆ దెబ్బల్ని ప్రసాదు కింద మైకు పెట్టి రికార్డు చేశాడు. ఆ మూడు దెబ్బలూ ఒక పాటలోకి వెళ్ళాయి. చెన్నైలో ఆ దెబ్బలు రాగానే జనం చేతులెత్తేవారట.

ఆవిడ కుర్చీలోంచి లేచి, మూల ఉన్న చీపురు తెచ్చి నాకు చూపించింది. అసలు చీపురు ఎప్పుడో అరిగిపోయింది, కర్ర మాత్రం అదే. అప్పుడు నావైపు తిరిగి నెమ్మదిగా ఏదో చెప్పింది. దాము నవ్వుతూ తెలుగు చేశాడు.

"అందరూ ఇద్దరు ఇద్దరంటారు. ముగ్గురని చెప్పమంటాండాది."

పేరు వచ్చిన వైనం

గుడియాత్తం బస్సులో పేరు సంగతి అడిగాను. తమ్ముడు నాకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు.

కాలేజీ వార్షికోత్సవం. మొదటి ప్రదర్శన. ప్రసాదు వేదిక మీద, దాము హాలు చివర. సౌండ్ అక్కడిదాకా వస్తోందో లేదో తెలుసుకోవడానికి ప్రసాదు మైకులో "దామూ, ఉందా?" అని అడిగాడు. వెనకనుంచి దాము వాళ్ళ ఇంటి తెలుగులో "ఉండాది" అని అరిచాడు. హాలంతా నవ్వింది. నాలుగు నిమిషాలు వాయించాక ఫ్యూజు పోయి ప్రదర్శన ముగిసింది. మర్నాడు కాలేజీ గోడ పత్రికలో రాసిన తమిళ అబ్బాయి అదే వాళ్ళ జంట పేరనుకున్నాడు. అప్పటినుంచి ప్రతి ప్రదర్శనా అలాగే మొదలయ్యేది. ప్రసాదు "ఉందా?" అంటాడు, దాము "ఉండాది" అంటాడు, అప్పుడు మొదటి దెబ్బ. పోలెండులో కూడా అంతే. అక్కడివాళ్ళకు ఆ మాటకు అర్థం తెలియదు కానీ రెండో ఊరికల్లా వాళ్ళే అనడం మొదలుపెట్టారట.

బస్సు కిటికీలోంచి ముళ్ళ వంకాయల బుట్టలు కనిపించాయి. వేలూరు వంకాయకు తొడిమ మీదా కాడ మీదా ముళ్ళుంటాయి. కొనబోతే దాము ఆపాడు. వాళ్ళమ్మ పొద్దున్నే కొనేసిందనీ, మనం వేరే తీసుకెళితే తన బేరం మీద నమ్మకం లేదనుకుంటుందనీ అన్నాడు.

గుడియాత్తం, కొట్టు మీది గది

దాము నాన్నది కైలీల టోకు కొట్టు. మనం లుంగీలనేవే ఇక్కడ కైలీలు. ఇల్లు కొట్టు మీదే. వాళ్ళ పూర్వీకులు ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. గోడ మీది క్యాలెండరు, పూజగదిలో పుస్తకాలు, కొట్టు బోర్డు అన్నీ తమిళంలో. తెలుగు అక్షరం ఆ ఇంట్లో ఎక్కడా లేదు. దాము వాళ్ళమ్మకు నేను చదవగలనన్నది పెద్ద వింత. భోజనంలో ముళ్ళ వంకాయ కొళంబు, అంటే పులుసు, వడ్డిస్తూ అడిగింది.

"మేం మాట్లాడేదంతా నువ్వు రాసేయగలవామ్మా?"

రాయగలనన్నాను. అయితే వంకాయలో ఉప్పు తగ్గిందని మాత్రం రాయొద్దంది. తగ్గలేదు.

మధ్యాహ్నం మూడింటికి పైన గదిలో ల్యాప్‌టాప్ తెరిచాం. ప్రతి పాత ప్రదర్శన కిందా ఒక ఫోల్డరుకు ఎర్ర చుక్క ఉంది. ప్రసాదు "ఎర్ర చుక్కది తెరువు" అనేవాడు, దాము తెరిచేవాడు. అలా నడిచింది. కానీ చివరి రెండు ఫోల్డర్లకు చుక్క లేదు. పెట్టే టైము తమ్ముడికి దొరకలేదు.

రెండూ 'పని' అన్న అక్షరాలతోనే మొదలయ్యాయి. చదివాను. ఒకటి 'పనికొస్తుంది'. రెండోది 'పనికిరాదు'.

దాము గట్టిగా ఊపిరి వదిలి మొదటిది తెరవమన్నాడు. అందులో సంగీతం లేదు. గ్యాసు బిల్లు, రైలు టికెట్లు, పోలెండు వీసా కాగితాలు, నేను ఫోన్లో గోంగూర పచ్చడి చెబుతుంటే రికార్డు చేసుకున్న నా గొంతు. రెండోది తెరిస్తే పాటలు ఉన్నాయి. తొమ్మిది.

వాటిలో నాలుగు ప్రసాదు ఇదివరకే దాముకు వినిపించాడు. తనకు బాగా నచ్చాయి. వాటి మీదే ధైర్యం పెట్టుకుని రేపటికి ఒప్పుకున్నాడు.

"తొమ్మిదీ పనికిరావని రాసి పెట్టినాడా?"

అక్షరాలు అవే. తప్పుగా చదివే అవకాశం లేదు. దాము లేచి ఫోన్ తీసుకున్నాడు. మండపం వాళ్ళకు చెప్పేస్తానన్నాడు. వాడు వద్దనుకున్నదాన్ని వాడు లేనప్పుడు వాయించలేనన్నాడు. కోపం లేదు, ఏడుపు లేదు. ఆ మాట న్యాయమైనదే.

నాకు ఒక అలవాటుంది. ఏ పుస్తకమైనా చివర అర్థం కాకపోతే మొదటికి వెళతాను. ఫోన్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగమని, ఎర్ర చుక్క ఉన్న పాత ఫోల్డర్లను ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టాను. గోవా: పనికిరాదు. హైదరాబాదు: పనికిరాదు. పోలెండు: పనికిరాదు. చీపురు కర్ర పాట ఉన్నది: పనికిరాదు. అన్నీ అవే. బెంగళూరు వరకు వెళ్ళాక మళ్ళీ ఆ రెండు పేర్లూ పక్కపక్కనే కనిపించాయి. అక్కడ 'పనికొస్తుంది'లో కూడా పాటలున్నాయి, పదకొండు. కానీ చుక్క మాత్రం 'పనికిరాదు' పక్కనే ఉంది.

దాము ఫోన్ మంచం మీద పెట్టి కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు.

బెంగళూరు వాళ్ళ మొదటి పెద్ద ప్రదర్శన. మొదలవడానికి ముందు ప్రసాదు వైర్లు చూసుకుంటూ, 'పనికొస్తుంది' తెరువు అని కేక వేశాడు. దాము తెలుగు గలగలా మాట్లాడతాడు కాబట్టి చదవడం రాదన్న సంగతి ప్రసాదుకు అప్పటికి తెలియదు. దాముకు ప, ని అన్న రెండు అక్షరాలు మాత్రం వచ్చు. రెండు ఫోల్డర్లూ వాటితోనే మొదలయ్యాయి. ఏదని అడగడానికి సిగ్గేసింది. చూడ్డానికి తేలిగ్గా ఉన్న పేరు తెరిచాడు. మొదటి దెబ్బ పడగానే ప్రసాదు తల తిప్పి చూశాడు, దాము భుజం మీద చెయ్యి వేశాడు, గంటసేపు నవ్వుతూనే ఉన్నాడు. జనం ఆడడం ఆపలేదు. ఎందుకు నవ్వాడో దాము ఎన్నోసార్లు అడిగినా చెప్పలేదు. ఆ మర్నాటినుంచి ఎర్ర చుక్కలు వచ్చాయి.

"పేరున్నోళ్ళంతా అట్ల చుక్కలు పెడతారని చెప్పినాడక్కా. నేను నమ్మినాను."

అంటే వాడికి ఆ రాత్రే తెలిసింది, దాముకు చదవడం రాదని. దాన్ని ఒక్కసారి కూడా నోటితో అనకుండా చుక్కలు పెట్టాడు. దాము చెయ్యి పొరపాటున వెళ్ళిన ఫోల్డరు పేరు కిందే ఆ తరవాత తను చేసిన మంచిదంతా పోశాడు. 'పనికొస్తుంది' అన్న పేరు మిగిలిపోతే, అందులో గ్యాసు బిల్లు దాచుకున్నాడు.

దాముకు ఇదంతా చెప్పి ముగించేలోపే ఇద్దరికీ నవ్వు పట్టుకుంది. ఎంతసేపు నవ్వామో తెలియదు. వాళ్ళమ్మ గరిటె పట్టుకుని పైకి వచ్చింది. సంగతి విని కొడుకు నెత్తి మీద గరిటెతో చిన్నగా తట్టింది.

"ఏం నాయనా, పనికిరానిదాంతో పోలెండుదాకా పోయినారా?"

మోర్ధానా

ఆదివారం పొద్దున దాము నన్ను స్కూటర్ మీద మోర్ధానా ఆనకట్టకు తీసుకెళ్ళాడు. రాత్రంతా తొమ్మిది పాటలూ విన్నాడట. వాయిస్తానన్నాడు. కానీ మొహంలో ఇంకేదో మిగిలి ఉంది.

నీళ్ళు బాగానే ఉన్నాయి. గట్టు మీద జామకాయలు కొన్నాం, ఉప్పూకారం వాళ్ళే చల్లారు. మన దగ్గర అడిగితే తప్ప చల్లరు. తిరుగుదారిలో పెట్రోలు అయిపోయింది. వేరుశనగ చేలోంచి ఒక రైతు వచ్చి, పంపుసెట్టు కోసం తెచ్చుకున్న పెట్రోలులో సగం సీసా పోశాడు. తెలుగాయనే. దాము ఏం చేస్తాడని నన్ను అడిగాడు. పెద్ద స్పీకర్లు పెట్టి సంగీతం వాయిస్తాడన్నాను. ఆయన సీసా పైకెత్తి, పోసింది వెనక్కి తీసుకోవాలా అన్నట్టు చూశాడు.

"పోయిన తిరనాళ్ళకు ఆ పెట్టెలు తెచ్చినారు. మా ఎద్దు బెదిరి ఆంధ్రా అంచున పరదరామిదాకా పోయింది."

రేపు ఎద్దును కట్టేసుకోమని దాము చెప్పాడు. ఇవాళే కదా అని నేను సరిదిద్దాను. అప్పుడు దాము స్కూటర్ ఎక్కకుండా మిగిలింది అడిగాడు. 'ఉండాది' అన్న పేరు పెట్టుకోవచ్చా అని. పేరు ఇద్దరిదీ, సగం మీ ఇంటిది, మీరు సరేనంటేనే అన్నాడు. మొదట్లో ప్రశ్న వాడిది. ఇప్పుడు ఎవరు అడగాలి? వాడి గొంతు టేపు పెట్టడం తనకు ఇష్టం లేదు. ఇంకొకరిచేత అనిపించడం అసలే లేదు.

నేను ఆలోచించి చెప్పినది కాదు. భాష పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి నోటికి అలా వచ్చింది.

"వాడు అడిగాడంతే దామూ. పేరైన మాట అన్నది నువ్వు. జవాబు ఎవరిదో మాట వాళ్ళది."

దాము హెల్మెట్ పెట్టుకున్నాడు. కాసేపటికి హెల్మెట్ లోపలినుంచి "సరి" అని వినిపించింది.

నాలుగింటికి

మండపం ఆరింటివరకే ఇచ్చారు. ఆరున్నరకు అక్కడ ఎవరిదో రిసెప్షను. వధూవరుల పూల కుర్చీలు అప్పటికే వేదిక వెనక పెట్టేశారు. వేలూరు, చెన్నై, బెంగళూరునుంచి కుర్రకారు వచ్చారు. వాళ్ళ మధ్య గుడియాత్తం బజారు ఆడవాళ్ళు పట్టుచీరల్లో కూర్చున్నారు. బాగాయం ఇంటావిడ ముందు వరసలో ఉంది. చీపురు తేలేదు.

దాము ఒక్కడే వచ్చి బల్ల వెనక నిలబడ్డాడు. ఎడమవైపు ప్రసాదు నిలబడే చోటు వదిలేశాడు, ఏమీ పెట్టలేదు. హాలు నిశ్శబ్దమైంది. తెలిసినవాళ్ళు ప్రశ్న కోసం చూస్తున్నారు. తెలియనివాళ్ళు వాళ్ళను చూసి ఊరుకున్నారు. దాము మైకు దగ్గరికి తీసుకున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అతను కూడా ఎవరూ అడగాలని ఎదురుచూడలేదు.

"ఉండాది," అన్నాడు.

మొదటి దెబ్బ పడింది.

ఆ సంగీతం ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. చూసింది మాత్రం చెబుతాను. మూడో పాటలో మరమగ్గం చప్పుడు వచ్చింది. ఈ ఊళ్ళోనే ఎప్పుడో రికార్డు చేసింది. నా వెనక ఒక నేత పెద్దాయన పక్కవాడితో, అది తన మగ్గం కాదనీ, అంత వేగంగా పోయేది ఎదురింటివాళ్ళదేననీ పంతంగా వాదించాడు. అయిదోదానిలో మూడు చీపురు దెబ్బలు వచ్చాయి. ఇంటావిడ కూర్చునే చెయ్యి పైకెత్తింది. దాము వాళ్ళమ్మ నన్ను లేపింది. వద్దన్నాను. ఆవిడ వినలేదు. వరసల మధ్య దారిలోకి లాక్కెళ్ళింది.

అయిదున్నరకు నా ఎడమ చెప్పు తెగింది. కాట్పాడి ఆయన ముందే చెప్పాడు. రెండూ విడిచి పక్కకు నెట్టాను. నేల రాయి, చల్లగా ఉంది, అదురుతోంది. పదకొండేళ్ళు మాటలు లేవనుకుంటూ దూరంగా ఉన్నది అరికాళ్ళలోంచి పైకి వచ్చింది. తొమ్మిదో పాట అయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఏడవలేదు. ఏడుస్తానేమోనని చీర కొంగులో పెట్టుకున్న చేతిరుమాలు చెమట తుడుచుకోవడానికి సరిపోయింది.

ఆరింటికి రిసెప్షను వంటవాళ్ళు గిన్నెలతో లోపలికి వచ్చారు. వాళ్ళలో ఇద్దరు గిన్నెలు దించి కాసేపు ఆడారు.

పరదరామి మీదుగా

సోమవారం చిత్తూరు బస్సెక్కాను. దాము ఇచ్చిన కైలీల కట్ట, వాళ్ళమ్మ ఇచ్చిన ముళ్ళ వంకాయలు, కొత్త చెప్పులు. ల్యాప్‌టాప్ గుడియాత్తంలోనే ఉంచేశాను. ఎక్కేముందు ఆ చివరి ఫోల్డరుకు ఎర్ర చుక్క పెట్టాలా అని దాము అడిగాడు. పెట్టమన్నాను. తరవాత బస్టాండులోనే, టికెట్టు వెనక, నా చేత అ, ఆలు రాయించుకున్నాడు. 'పనికిరాదు' అని తనే రాసి చూపించాడు. రా దగ్గర దీర్ఘం మర్చిపోయాడు.

పరదరామి దాటాక బోర్డుల మీద తెలుగు మొదలైంది. రోడ్డు పక్కన ఎద్దుల కోసం చూశాను. కట్టేసే ఉన్నాయి.

ఇది జరిగి అయిదు నెలలు. దాము ఇప్పటికి ఏడు ఊళ్ళలో వాయించాడు, మూడింటికి నేనూ వెళ్ళాను. మైకు తీసుకుని జవాబు చెబుతాడు, మొదలుపెడతాడు. "ఉందా?" అని ఇప్పుడు ఎవరూ అడగరు.